మొగలి అత్తరు, మూడో గంట

మూడు వారాల కిందట నేనూ మా అమ్మాయీ తెనాలిలో కొత్తగా పెట్టిన ఒక సెంట్ల కొట్టుకి వెళ్ళాం. లోపల ఏసీ చల్లదనం, గోడల నిండా అద్దాలు, అద్దాల వెనక సీసాలు, అడుగు పెట్టగానే సంత మధ్యలో నిలబడ్డట్టు ముక్కులో ఒకటే రొద. కౌంటర్లో ఇరవై ఏళ్ళ పిల్ల ఒకతె తెల్లటి కాగితపు ముక్కల మీద ఒక్కో సీసాలోంచి ఒక్కో చుక్క చల్లి, గాలిలో విదిలించి, మా ముక్కుల ముందు ఊపుతోంది. మా అమ్మాయి వాసన చూసి బాగుందంటోంది, ఇంకోటి చూపించమంటోంది. నాకు ఒళ్ళు మండింది. కాగితానికి చెమట పడుతుందా, కాగితం ఎండలో నడుస్తుందా, కాగితం కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుందా? మనిషి పూసుకునేదాన్ని కాగితానికి పూసి చూడటమేమిటో నాకు అర్థం కాలేదు. మణికట్టు చాపి, "ఇక్కడ రాయమ్మా, మూడు గంటలాగి వస్తాం" అన్నాను. "మూడు గంటలెందుకండి?" అంది ఆ పిల్ల మర్యాదగానే. మా అమ్మాయి నన్ను మోచేత్తో పొడిచింది. చెప్పాలంటే చాలా ఉంది కాబట్టి నేనేమీ చెప్పకుండా బయటికొచ్చేశాను.

అంతా చెప్పాలంటే నా ఆరేళ్ళ వయసు నుంచి మొదలెట్టాలి. మా ఊరు పిట్టలవానిపాలేనికి రెండు మైళ్ళ దూరంలో, వరిచేల మధ్య. మా నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు సుగుణ. ఆమె భర్త జీవరత్నం మామయ్య తెనాలి స్టేషన్లో గూడ్సు గుమాస్తా. వాళ్ళకి పిల్లల్లేరు, నేనేమో నోరు మూయని పిల్లని, అందుకని ఏటా వేసవి సెలవులు రాగానే నన్ను తెనాలి పంపేసి మా అమ్మ ఊపిరి పీల్చుకునేది. ఆ వేసవులు నాకు కళ్ళ కంటే ముక్కుకే ఎక్కువ గుర్తు. కాలవ గట్టున మామిడికాయల బళ్ళ దగ్గర జీడి వాసన, కొల్లిపర వైపు నుంచి వచ్చే అరటిగెలలు దించుతుంటే పచ్చి బోదె వాసన, స్టేషన్ ముందు నూనెలో వేగే మిరపకాయ బజ్జీలు, ఎండకి తారు కరిగే రోడ్డు, గూడ్సు షెడ్డులో కొండల్లా పేర్చిన గోనెసంచుల పొడి వాసన. సాయంత్రం డ్యూటీ దిగి రాగానే మామయ్య స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని బజారుకి తీసుకెళ్ళేవాడు. నా గడ్డం ఆయన నడినెత్తి మీద, నా ముక్కు ఆయన చెవి పక్కన. ఆ చెవి మడతలో అత్తరు అద్దిన చిన్న దూది ముక్క ఉండేది.

ఆ అత్తరు ఖాదర్ సాయిబు కొట్లోది. నగల కొట్ల సందు చివర ఇద్దరు కూర్చుంటే మూడోవాడు బయట నిలబడాల్సినంత చిన్న కొట్టు. సాయిబు గారిది తెల్ల గడ్డం, మెత్తటి మాట, ఇనపగుగ్గిళ్ళ లాంటి పట్టుదల. పొద్దున వచ్చిన వాళ్ళకి గాజు పుల్లతో చేతి వెనక రాసి పంపేవాడే గానీ, పొద్దున పూట ఒక్క సీసా అమ్మిన పాపాన పోలేదు. సాయంత్రం మళ్ళీ రావాలి, వచ్చి బాగుందంటేనే సీసా. రేపల్లె వైపు పల్లెల నుంచీ చేబ్రోలు నుంచీ వచ్చిన వాళ్ళు పొద్దున్నే చేతికి రాయించుకుని, బజారు పనులన్నీ చూసుకుంటూ, మధ్యమధ్య చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటూ తిరిగేవాళ్ళు. హోటల్లో ఎవరైనా ఎడమ చేత్తో టిఫిన్ తినలేక, అత్తరు పోతుందని కుడిచేతిని పైకెత్తి పట్టుకుని దిక్కులు చూస్తుంటే సాయిబు బేరమని ఊరంతటికీ తెలిసిపోయేది. తొందరగా ఊరెళ్ళాలి, ఇప్పుడే ఇమ్మని ఎవరన్నా పోట్లాడితే, "తొందరైతే సబ్బు కొనుక్కోండి బాబూ" అనేవాడు.

"మీరిప్పుడు చూసింది సీసా వాసనమ్మా. మీ వాసన మూడో గంటకి గానీ రాదు. అది నచ్చితేనే నా దగ్గరికి రండి" అని సాయిబు గారు మా అత్తయ్యతో అన్నప్పుడు నేనక్కడే ఉన్నాను. అదేమిటో చూద్దామని అత్తయ్యా మామయ్యా ఒకే సీసాలోంచి ఒకే మొగలి అత్తరు చెరొక చేతికీ రాయించుకున్నారు. నేనూ చెయ్యి చాపాను. మొదటి గంట ముగ్గురిదీ ఒకటే. మొగలి పొత్తి విప్పినప్పుడు ముక్కుని గీరుతుందే, అదే ఘాటు. రెండో గంటకి ఘాటు తగ్గి తీపి తిరిగింది. మూడో గంటకి చూస్తే ఎవరిది వాళ్ళదైపోయింది. అత్తయ్య చేతి మీద కాగుతున్న పాల వాసన, పొంగబోయే ముందు వస్తుంది చూడండి, అది. మామయ్య చేతిని వాసన చూసి నేను, "ఉప్పేసిన వేడి గంజి, ఎండలో పెట్టిన గోనెసంచి" అన్నానట. ఆ మాట పట్టుకుని వాళ్ళిద్దరూ ఆ వేసవంతా నవ్వుకున్నారు. నా చేతి మీద మాత్రం ఏమీ మిగల్లేదు. చిన్నబుచ్చుకుంటే సాయిబు గారు, "పిల్లల ఒళ్ళు ఇంకా నీళ్ళ లాంటిది తల్లీ, దేన్నీ పట్టుకోదు" అన్నారు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, వానాకాలంలో మామయ్యకి పచ్చకామెర్లు వచ్చాయి. ఆకుపసరు పోశారు, ఆస్పత్రిలో పెట్టారు, పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. మూడు వారాల్లో మనిషి పోయాడు. పచ్చకామెర్లు అంటుకుంటాయని భయపడి చుట్టాల ఆడవాళ్ళందరూ కలిసి, అత్తయ్య ఇంకా సమాధి దగ్గర నుంచి వచ్చి చాప మీద పడుకుని ఉండగానే, ఆయన దిండూ పరుపూ తగలబెట్టేసి, చొక్కాలు పంచెలు అన్నీ సోడా వేసి కాగులో ఉడకబెట్టి ఉతికి దండేల మీద ఆరేశారు. వాళ్ళు మంచికే చేశారు, నేను కాదనను. కానీ అత్తయ్య లేచి వచ్చి ఆ దండెం కింద నిలబడి ఒక్కొక్క చొక్కానే మొహానికి ఆనించుకుని చూసి, లోపలికెళ్ళిపోవడం నా కళ్ళారా చూశాను. నలుగురిలో ఆవిడ పెద్దగా ఏడవలేదు. ఏడవలేదని కూడా నలుగురూ అనుకున్నారు.

ఆ తర్వాత అత్తయ్య ఒక రేకు పెట్టెతో మా ఇంటికొచ్చేసి మా ఊరి మిషన్ బడిలో టీచరుగా చేరింది. చెరువు వైపు గది ఆవిడది. ఒక శనివారం నేను తలుపు తోసుకుని వెళ్ళేసరికి, మేకుకి మామయ్య తెల్లచొక్కా వేలాడుతోంది, అత్తయ్య దాని కాలరుకి అత్తరు అద్దుతోంది. ఏం చేస్తున్నావంటే ఏం లేదంది. సాయంత్రం మళ్ళీ వెళ్ళి చూస్తే ఆ కాలరు దగ్గరే నిలబడి ఉంది. "గుడ్డకి మూడో గంట ఉండదే" అంది నాతో, లెక్క తప్పిన పిల్లలా. కాలరు మీద పొద్దుటి మొగలి ఘాటు అలాగే ఉంది. తన చేతికి రాసుకుంటే పాల వాసనవుతుంది. ఆయన వాసన రావడానికి ఆయనే లేడు. ఆవిడ దేనికోసం వెతుకుతోందో నాకు ఆ క్షణం తెలిసిపోయింది. తెలిశాక నేనూ వెతకడం మొదలుపెట్టాను.

నా వెతుకులాట గురించి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అత్తయ్యని అడిగి పుల్ల చివర కాస్త అత్తరు తీసుకుని దొరికిన వాళ్ళకల్లా రాసేదాన్ని. మా అమ్మ మీద అది రెండో గంటకే ధనియాల వాసనలోకి దిగిపోయింది. మా నాన్న మీద పులిసింది. నాయనమ్మ ముడతల చేతి మీద మర్నాటి దాకా ఉండి, చివరికి ఒట్టి చందనపు చెక్క మిగిలింది. పాలు పోసే కోటమ్మ మీద గడ్డివామి. మా క్లాసు పిల్లలకి రాస్తే సగం మంది మూడో గంట దాకా ఆగకుండా కాలవలో దూకేశారు. ప్రతిసారీ సాయంత్రం అత్తయ్య జడ వేస్తూ వెనక నుంచి అడిగేది, "వచ్చిందా?" అని. అంతకంటే ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు. రాలేదంటే ఊఁ అనేది, దువ్వెన కదిలేది. ఆవిడ నన్నే ఎందుకడిగేదంటే, మామయ్య చెవి పక్కన అంత దగ్గరగా ముక్కు పెట్టుకుని తిరిగిన మనిషి తను గాక నేనొక్కదాన్నే.

ఏడాదికొకసారి, చేలల్లో మినుములు పీకే రోజుల్లో, అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని బాపట్లలో పాసింజరెక్కి తెనాలి వెళ్ళేది, చిటికెన వేలంత సీసా కోసం. తనకి తెలిసిన అత్తరే అయినా, ఎన్నేళ్ళ బేరమైనా, సాయిబు గారు పొద్దున రాసే పంపేవాడు. మిగతా రోజంతా మేం స్టేషన్లో గూడ్సు షెడ్డుకి ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చునేవాళ్ళం. అత్తయ్య పులిహోర పొట్లం విప్పేది, షెడ్డు వైపు చూస్తూ తినేది, మధ్యలో తన చేతిని వాసన చూసుకునేది. ఒకసారి నేనే ఉండబట్టలేక సాయిబు గారిని అడిగాను, ఒకళ్ళ మీద వచ్చిన వాసన ఇంకొకళ్ళ మీద వస్తుందా అని. ఆయన పుల్ల పక్కన పెట్టి మా అత్తయ్య మొహం చూసి, "దేవుడు ఎన్ని ఒళ్ళు చేశాడో ఎవరు లెక్కపెట్టారమ్మా. రావచ్చు, రాకపోవచ్చు" అన్నారు. రావచ్చు అన్న ముక్కే నాకు వినపడింది.

అప్పటికి మా బడి హెడ్మాస్టరు దేవసహాయం గారు. నలభై ఏళ్ళ మనిషి, తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ ఒక దారికి తెచ్చేసరికి తన పెళ్ళి వయసు దాటిపోయింది. చింతపిక్కలతో లెక్కలు చెప్పేవాడు, ఎంత అల్లరి చేసినా చెయ్యెత్తేవాడు కాదు, బడి అయ్యాక నాకు పేపరు చదవడం నేర్పింది ఆయనే. ఆయన ముందు ఏడు మా నాన్న దగ్గరికొచ్చి, సుగుణమ్మ గారికి ఇష్టమైతే చేసుకుంటానని అడిగాడు. అత్తయ్య "ఆలోచించుకుంటా అన్నయ్యా" అంది. అలా అని ఏడాది అయింది. ఈలోగా మాస్టారికి రేపల్లె బదిలీ అయింది, జూన్ కల్లా వెళ్ళాలి. "ఏడాది నుంచీ నానేస్తంది, మినప్పప్పయితే ఈపాటికి పులిసిపోయేది. అవునో కాదో చెప్పొచ్చుగా" అని మా అమ్మ రుబ్బురోలు దగ్గర నాయనమ్మతో అంటుంటే విన్నాను. నాకు మాస్టారంటే ప్రాణం. పదేళ్ళ బుర్రతో ఆలోచించి నేను తేల్చుకున్నదేమిటంటే, అత్తయ్య ఆగింది ఆ వాసన కోసమే, మాస్టారి ఒంటి మీద గనక మామయ్య వాసన వస్తే ఇంక అడ్డేమీ ఉండదు. ఊళ్ళో అందరికీ రాశాను గానీ ఆయనకి రాసి చూసే దారి అప్పటిదాకా దొరకలేదు. హెడ్మాస్టరుని పట్టుకుని చెయ్యి చాపమని ఎవరడుగుతారు?

దారి చర్చిలో దొరికింది. ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమకాలం చివర, మట్టల ఆదివారం మధ్యాహ్నం మా చర్చిలో సండేస్కూలు పిల్లలతో ఒక ఘట్టం వేయించేవారు. ఆ ఏడు, ఒక స్త్రీ విలువైన అత్తరు తెచ్చి ప్రభువు పాదాల మీద పోసి, తన తలవెంట్రుకలతో తుడిచే ఘట్టం. జడ పొడుగు కాబట్టి ఆ స్త్రీ వేషం నాది. ప్రభువు వేషం ఎప్పుడూ పెద్దవాళ్ళే వేయాలని సంఘపెద్దల నియమం, నలభై రోజులుగా గడ్డం పెంచుకున్న మనిషి మాస్టారొక్కడే. నా చేతికి ఇచ్చేది రోజ్ వాటరు చుక్క కలిపిన నీళ్ళ సీసా. సండేస్కూల్లో వాక్యం చెప్పే టీచరమ్మేమో, ఆ స్త్రీ తన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచిది తెచ్చిందని ప్రతి రిహార్సల్లోనూ నొక్కి చెప్పేది. నాకు భక్తీ కలిసొచ్చింది, పనీ కలిసొచ్చింది. ఆ ఆదివారం పొద్దున అత్తయ్య గుడ్డలుతుక్కుంటుంటే పెట్టె తెరిచి, మొన్న మినుముల రోజుల్లో తెచ్చిన కొత్త సీసా లంగా కుచ్చిళ్ళలో దోపుకున్నాను. రెండంటే రెండే చుక్కలు పోద్దామనుకున్నాను, దేవుడి తోడు.

చర్చి కిటకిటలాడుతోంది. గోడలకి కట్టిన ఈత మట్టలు ఎండకి వాడి పచ్చి వాసన వేస్తున్నాయి, ఆడవాళ్ళ తలల్లో కొత్త మల్లెలు, పైన ఫ్యాన్లు ఎంత తిరిగినా చెమట. మాస్టారు తెల్లటి అంగీలో పీట మీద కూర్చున్నాడు, శ్రమదినాలన్నీ చెప్పుల్లేకుండా నడిచి ఆయన మడమలు చేనులో నెర్రెల్లా పగిలి ఉన్నాయి. నేను మోకాళ్ళూని సీసా బిరడా పీకాను. చెమట చేతుల్లో సీసా జారింది. చుక్కలు కాదు, సాంతం ఆయన పాదాల మీద బోర్లాపడింది. క్షణంలో చర్చంతా మొగలి వనం. వెనక బెంచీలో ఎవరో తుమ్మారు. పాస్టరు గారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. నేను గాభరాగా జడ ముందుకి లాక్కుని తుడుస్తూనే ఉన్నాను. పాపం మాస్టారు వేషం చెడకూడదని కదలకుండా కూర్చున్నాడు గానీ, నా తుడవడం ఎంతకీ అవకపోయేసరికి వంగి తన అరచేత్తో పాదాలు తుడుచుకుని, అదే చేత్తో మెడ మీది చెమట తుడుచుకున్నాడు. మా అమ్మ నా వైపు చూసిన చూపు చెప్పను. ఆడవాళ్ళ వరసలో రెండో బెంచీలో అత్తయ్య మాత్రం తల వంచుకుని ఒళ్ళో చేతుల వంక చూసుకుంటోంది. అక్కడున్న వాళ్ళందరిలోకీ ఆ అత్తరు ఎవరిదో ముందు తెలిసింది ఆవిడకే.

ఇంటికెళ్ళాక నా వీపు విమానం మోత మోగుతుందనుకున్నాను. మా అమ్మ చీపురు కూడా అందుకుంది. అత్తయ్య ఆవిడని ఆపి, నన్ను గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. ఎందుకు పోశావని అడగలేదు. "ఎన్నింటికి పోశావే?" అంది. మూడు దాటాక అన్నాను. గడియారం వైపు చూసింది. అయిదు కావస్తోంది. మంచం మీద కూర్చుంది, లేచింది, నా జడ విప్పింది, మళ్ళీ అల్లింది. జడంతా అత్తరే, అయినా ఆవిడ ఒక్కసారి కూడా వాసన చూడలేదు. ఆరు కొట్టాక, "చర్చి అంగీ మాస్టారి దగ్గరే ఉండిపోయింది, వెళ్ళి పట్రా" అంది. తలుపు దాకా వచ్చి, చిన్న గొంతుతో, "పట్టొచ్చేప్పుడు చూసి రా" అంది. ఏం చూడాలో నాకు చెప్పక్కర్లేదు.

మాస్టారి ఇల్లు బడి వెనకే. అరుగు మీద కూర్చుని కాళ్ళు బకెట్లో పెట్టుకుని కుంకుడు నురగతో రుద్దుకుంటున్నాడు. "నాలుగుసార్లు కడిగానమ్మాయ్, పగుళ్ళల్లోకి దిగింది, పోనంటంది" అని నవ్వాడు. కోప్పడలేదు. అంగీలూ తలగుడ్డలూ అన్నీ ఒక దుప్పట్లో మూటగట్టి, నా నెత్తి మీద పెట్టడానికి వంగాడు. ఆయన మెడ నా మొహానికి జానెడు దూరంలోకి వచ్చింది. నేను కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాను. మొగలి ఎప్పుడో వెళ్ళిపోయింది. గంజి లేదు, గోనెసంచి లేదు. వాన పడ్డాక పలక తుడిస్తే వచ్చే వాసన, దాని కింద పచ్చి వేపపుల్ల చేదు, ఇంకా కింద ఏదో తీపి, బెల్లం కాదు, చెరుకు కొట్టిన చోట నేల మీద ఉండే తీపి. ఇంకోసారి పీల్చాను. ఎంత వెతికినా అందులో మామయ్య లేడు.

మూట నెత్తిన పెట్టుకుని ఇంటిదారి పట్టాను. వచ్చిందని చెప్తే చాలు, పెళ్ళి అయిపోతుంది, మాస్టారు మా ఇంటి అల్లుడవుతాడు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. రాలేదంటే అంతా నా చేతులతో నేనే చెడగొట్టినట్టు. అబద్ధమాడటానికి నాకు పెద్ద అభ్యంతరమేమీ లేదు, రోజూ ఆడుతూనే ఉండేదాన్ని. గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది, చేతిలో లాంతరు తుడిచే గుడ్డ, తుడవడం లేదు. "వచ్చిందా?" అంది. ఆ మొహం చూశాక నాకు అబద్ధం నోటికి రాలేదు. రెండేళ్ళుగా ఆ ఒక్క ప్రశ్నకీ నేను నిజమే చెప్తూ వచ్చాను, అది నాకూ ఆవిడకీ మధ్య ఉన్న మర్యాద. "రాలేదత్తయ్యా. కొంచెం కూడా రాలేదు. ఆయనది వేరే" అన్నాను. "వేరే అంటే?" అంది. పలక, వేపపుల్ల, చెరుకు నేల, అన్నీ చెప్పాను. అత్తయ్య అక్కడే గడప మీద కూలబడి, ఆ గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని, మామయ్య పోయిన రోజున ఏడవాల్సిందంతా ఏడ్చింది. మా అమ్మ పరిగెత్తుకొచ్చి నా నెత్తి మీద ఒకటిచ్చింది. నాకు నొప్పి తెలియలేదు. పెళ్ళి చెడిందని, మాస్టారు ఒంటరిగా రేపల్లె వెళ్ళిపోతాడని, దీనికంతటికీ నా దిక్కుమాలిన ముక్కే కారణమని నేనూ ఏడ్చాను.

ఈస్టరు తెల్లవారుజామున ఆరాధన అయ్యాక, అందరూ తెల్లబట్టల్లో ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటుండగా, అత్తయ్య నాన్న పక్కకొచ్చి నిలబడి, "మాస్టారికి సరేనని చెప్పన్నయ్యా" అంది. అంతే. మే నెలలో పెళ్ళయింది, తాటిముంజెల కాలం, పెళ్ళి భోజనంలో మామిడికాయ పప్పు, కోడికూర, వేడికి చేతిలోనే కరిగిపోయే లడ్డు. జూన్‌లో ఇద్దరూ రేపల్లె వెళ్ళిపోయారు. నాకెంత ఆలోచించినా లెక్క కుదరలేదు. రాలేదంటే సరేననడమేమిటి? అడిగితే పెద్దవాళ్ళు, తాడిచెట్టెందుకు ఎక్కావంటే దూడగడ్డికన్నట్టు ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. అత్తయ్యని అడిగే ధైర్యం రాలేదు. మొగలి అత్తరు ఆవిడ మళ్ళీ కొనలేదు. మాస్టారికి మాత్రం వట్టివేరు నచ్చింది, దానికోసం ఏటా రేపల్లె బండెక్కి తెనాలి వచ్చేవాళ్ళు, సాయిబు గారి కొట్టు ఉన్నన్నాళ్ళూ. ముప్పై ఏళ్ళ పైన కాపురం చేశారు. మాస్టారు పోయి ఆరేళ్ళయింది.

ఇప్పుడా నగల సందు చివర సెల్‌ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు. సాయంత్రం దాకా ఆగి కొనమనే కొట్టు తెనాలిలో నాకు తెలిసి ఒక్కటీ లేదు. మా ఊరి చుట్టుపక్కల కాలవ గట్ల మీద మొగలి పొదలు కొట్టేసి సిమెంటు పోశారు. మా అమ్మాయికి మొగలి పువ్వంటే ఏమిటో చెప్పడానికి ఫోన్లో బొమ్మ చూపించాల్సి వచ్చింది, బొమ్మ చూసి ఇదేంటి ఆకులా ఉందంది. గుడ్డ మీద, కాగితం మీద చల్లుకుని బయల్దేరడమే తప్ప, మూడో గంటకి తనెలా ఉంటుందో చూసుకునే తీరిక ఎవరికీ లేదు. నాకున్న కోపమల్లా అది.

మొన్న వారం రేపల్లె వెళ్ళాను. అత్తయ్యకి ఎనభై దాటాయి, మనిషి వడిలింది గానీ నోరు వడల్లేదు. వరండాలో కూర్చుని చింతచిగురు పుల్లలేరుతోంది. నాకూ జుట్టు నెరిసింది, ఇంక భయమేమిటని అడిగేశాను. "ఆ రోజు వచ్చిందని చెప్పుంటే ఏం చేసేదానివి అత్తయ్యా?"

ఆవిడ చేయి ఆగలేదు. "చేసుకునేదాన్ని కాదే. ఇంకొకాయన మెడ మీద మీ మామయ్యని వెతుక్కుంటా ఎన్నాళ్ళని బతికేది? పాపం మాస్టారికి మాత్రం ఏం అన్యాయం అది? నువ్వు రాలేదని చెప్పిందాకా నాకు గుండెలు పీచుపీచుమంటానే ఉన్నాయి" అంది. నలభై ఏళ్ళు మొయ్యలేక మోసిన మూట దిగినట్టయింది నాకు. నవ్వొచ్చింది కూడా. నేను తప్పుడు లెక్కతో సరైన జవాబు రాశానన్నమాట.

కాసేపటికి ఆవిడే, పుల్లలేరడం ఆపి అడిగింది. "అయితే ఏమే, మీ మామయ్యది ఎట్టుండేదో ఇంకా గుర్తుందా నీకు?"

కళ్ళు మూసుకున్నాను. మాస్టారి మెడ తటాలున వచ్చింది, తడి పలక, వేపపుల్ల. దాన్ని పక్కకి తోసి ఇంకా వెనక్కి వెళ్ళాను, తెనాలి బజారు, తెల్లచొక్కా, చెవి మడతలో దూది. ఉప్పేసిన వేడి గంజి, ఎండలో గోనెసంచి, అని మాటలు వచ్చాయి. మాటలే వచ్చాయి. ఎంత పీల్చినా వాటి వెనక ఏమీ లేదు. ఇన్నేళ్ళుగా నేను కథలా చెప్పుకుంటూ వచ్చింది ఆ మాటల్నే, వాసన ఎప్పుడు జారిపోయిందో చూసుకోలేదు.

"లేదత్తయ్యా. పోయింది" అన్నాను. ఈ ఒక్క విషయంలో ఆవిడకి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు.

అత్తయ్య మళ్ళీ చింతచిగురు చేతిలోకి తీసుకుంది. "నాకెప్పుడో పోయిందే. నీ దగ్గరుందిలే అనుకుని నిమ్మళంగా ఉన్నా ఇన్నాళ్ళూ" అంది.